ముసలి పడవవాడి ఎక్కిళ్లు

ఆయన్ని అందరూ ముల్లాయన అనేవారు. చొక్కా జేబులో గ్రామఫోన్ ముళ్ల డబ్బా లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు మరి. పాత సామాన్ల కొట్లోనో, మూతపడిన హోటల్ వెనక గదిలోనో రికార్డుల కట్ట కనిపించిందంటే చాలు, మనిషి అక్కడే గొంతుక్కూర్చుని ఒక్కోదాన్నీ వెలుతురుకి పట్టి చూసేవాడు. భార్య ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. మా ఆయనకి చుట్టాల మొహాలు గుర్తుండవు గానీ, గీతలు పడ్డ రికార్డు ఒక్కసారి చూస్తే చచ్చేదాకా మర్చిపోడని అందరి దగ్గరా నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వులో కాస్త కారం కూడా ఉండేది.

ఆయన వెతికేది నలుగురికీ తెలిసిన సంగీతం కాదు. నలుగురికీ తెలిసినదాన్ని ఎవరైనా వింటారు, దానికి ఆయన చెవులెందుకు? ఓడరేవు దగ్గర హోటల్లో ఏళ్ల తరబడి జాజ్ వాయించి, ఒకే ఒక్క రికార్డు చేసి, తలో దిక్కుకీ పోయిన బృందం ఒకటుంది. వాళ్ల పియానోలో ఒక మెట్టు పలకదు. ఆ పలకని మెట్టు చుట్టూ తిరుగుతూ వాళ్లు వాయించిన తీరు విని ఆయన చాలా రోజులు అన్నం ముందు కూర్చుని కూడా వేళ్లతో బల్ల మీద అదే వాయించుకున్నాడు. పంపుల ఫ్యాక్టరీలో ఫిట్టరు ఒకడు గొట్టాల్లో చప్పుళ్లని పట్టి, ముక్కలు కోసి, అతికించి, ఆ గోలనే రికార్డుగా వేయించాడు. అది విన్నప్పుడు భార్య, మన బాత్రూమ్ గొట్టం కూడా ఇలాగే మూలుగుతుంది, దానికీ ఒక రికార్డు వేయించకూడదా అంది. ఆయన నవ్వలేదు. నవ్వులాటకి అందని విషయాలు ఆయనకి కొన్ని ఉండేవి, అందులో ఇదొకటి.

అలాంటివన్నీ ముందు ఆయన చెవిన పడ్డాకే లోకం చెవిన పడ్డాయి. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా తమ ఇళ్లలో దొరికిన రికార్డులు మూటగట్టి ఆయనకి పంపేవారు. ఆయన బాగుందంటే బాగున్నట్టు, పెదవి విరిస్తే పక్కన పడెయ్యాల్సిందే. మేడ మీద ఇరుకు గదిలో ఒక కొట్టు, ఆ కొట్టు నిండా రికార్డులు, ఇవి కాక ఆయనకున్న ఆస్తల్లా ఆ రెండు చెవులే.

ఆ చెవుల విషయంలో ఆయనకొక పట్టుదల ఉంది. ఊరూ పేరూ లేని రికార్డు దొరికితే తలుపేసుకుని, ఒక్కడే కూర్చుని, కళ్లు మూసుకుని వినాలి. ఆ మొదటిసారి ఏది గుండెకి తగిలిందో అదే నిజం. తర్వాత పుట్టుకొచ్చేవన్నీ ఉత్త అనుమానాలు. మొదటి వినికిడి మోసం చెయ్యదని రేడియోలో కూడా దర్జాగా చెప్పాడు. గొప్పలు చెప్పుకునే నోటికి ఎప్పుడో ఒకప్పుడు వాత పడుతుంది. ఆయనకి పడ్డ వాత కథే ఇది.

ఆ రికార్డు నావికుల క్యాంటీన్ అటక మీద దొరికింది. చిన్నది. మధ్యలో కాగితం చెమ్మకి కుళ్లి రాలిపోయింది, ఒక్క అక్షరం మిగల్లేదు. గ్రామఫోన్ సంగతి తెలియనివాళ్లకి ఒక్క మాట చెప్పాలి. పెద్ద రికార్డులు నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరుగుతాయి, చిన్నవి నలభై అయిదు. ఏ వేగం కావాలో ఎంచుకోవడానికి పక్కన ఒక మీట ఉంటుంది. ఏమీ తెలియనివాడైతే చిన్న రికార్డు కదా అని మీటని నలభై అయిదు మీద పెట్టేవాడు, కథ కంచికెళ్లేది. ముల్లాయనకి అన్నీ తెలుసు, అదే వచ్చిన తంటా. ఆ తీరం వెంబడి కొన్ని కంపెనీలు చిన్న రికార్డుల్ని కూడా ముప్పై మూడు వేగానికే తయారుచేసేవని ఆయనకి తెలుసు. అలాంటివి రెండు మూడు అంతకుముందే దొరికాయి కూడా. అందుకని మీట ముప్పై మూడు మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు.

మందంగా, బరువుగా ఒక మగగొంతు లేచింది. తెలియని భాష. వెనకాల ఎవరో పడవ అంచు మీద కర్రతో కొడుతున్నట్టు నింపాదిగా ఒక దరువు. చరణం చరణానికీ ఆ గొంతు అలిసిపోతూ వచ్చి, చివరికి పాట ఆగిపోయి, రెండు మూడు ఎక్కిళ్లు వినిపించాయి. వెక్కి వెక్కి ఏడుస్తున్న ఎక్కిళ్లు. ముల్లాయన కళ్లు తెరిచేసరికి చొక్కా ముందు భాగమంతా తడిసిపోయి ఉంది.

ఆయన భార్య తమ్ముడు పాత రికార్డుల్ని మళ్లీ అచ్చు వేసి అమ్మే చిన్న కంపెనీ నడిపేవాడు. గోరంతని కొండంత చేసి చాటించే మనిషి గనక బావగారు అతనికి డప్పు అని పేరు పెట్టాడు. డప్పు ఆ పాట విని తనూ కళ్లు తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే అట్ట ఎలా ఉండాలో ఆలోచించాడు. అట్ట మీద ముసలి పడవవాడి శోకం అని పేరు పెట్టారు. వెనకవైపు ముల్లాయన ఫొటో, ఫొటో కింద ఆయన రాసిన వ్యాసం. కొడుకుని సముద్రం మింగేస్తే ఒడ్డున కూర్చుని పాడుకుంటున్న ముసలివాడు కళ్లకి కట్టాడనీ, ఆ ఎక్కిళ్లకి అనువాదం అక్కర్లేదనీ రాశాడు. ఆ భాష తెలిసినవాళ్ల కోసం గట్టిగా వెతికారా అంటే, నిజం చెప్పుకోవాలి, వెతకలేదు. సంగీతానికి భాషతో పనేముందని బావ అన్నాడు, ఖర్చు తగ్గిందని బావమరిది అన్నాడు.

పాట రేడియోలో మోగింది. మనుషులు కార్లు పక్కకి ఆపుకుని ఏడ్చారట. ఆదివారం మధ్యాహ్నం ఒక పెద్ద హాల్లో అందరూ కలిసి కూర్చుని ఆ పాట వినే సభ పెట్టాడు డప్పు. టిక్కెట్లన్నీ అయిపోయాయి.

ఆ వారం మొదట్లోనే పొద్దున్నపూట కొట్లో ఫోను మోగింది. అవతల ఒక ఆడమనిషి, ఆసుపత్రిలో నర్సునని చెప్పింది. రేడియోలో వేసిన పాట తన తల్లిదని అంది. ముల్లాయన మర్యాదగానే నవ్వి, పాడింది మగమనిషి కదమ్మా, మీరు పొరబడ్డారు అన్నాడు. గొంతు సంగతి నాకు తెలీదండీ, పాట మాత్రం మా అమ్మ కట్టిందే, చివరి చరణంలో తన పేరు కూడా పెట్టుకుంది అందామె. వాళ్లమ్మ పుట్టిన దీవుల్లో ఇప్పుడు ఆ భాష మాట్లాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారట. అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎవరో రికార్డు చేసే మిషను పట్టుకుని ఒడ్డుకొచ్చి, ఒక్కసారి పాడించుకుని పోయారట. ఆ రికార్డు ఎలా ఉంటుందో కూడా ఆవిడ ఇంతవరకూ చూడలేదట.

"ఇంకోటండీ," అంది నర్సు. "అది ఏడుపు పాట కాదు. పొద్దెక్కినా మంచం దిగని బద్ధకస్తుణ్ణి వెక్కిరించే పాట. ఆయనెవరో అంత ఏడుస్తూ ఎందుకు పాడాడో మాకు అర్థం కాలేదు."

కనుక్కుని చెప్తానని ఫోను పెట్టేశాడు ముల్లాయన. పెట్టేశాక కూడా చెయ్యి ఫోను మీదే ఉండిపోయింది. గది అవతల గ్రామఫోను. దాని పక్కన మీట. ఛ, అదేం కాదు, అనుకున్నాడు. అనుకుంటూనే లేచి తలుపు గడియ వేశాడు. గడియ ఎందుకు వేశాడో ఆయనకే తెలియలేదు.

రికార్డు పెట్టి మీటని నలభై అయిదుకి తోశాడు. ముల్లు ఆనిందో లేదో, ఒక చలాకీ పిల్ల గొంతు గలగలమంటూ బయటికొచ్చింది. తేలిగ్గా, వెటకారంగా, ఒక పదం మీద కావాలని సాగదీస్తూ పాడుతోంది. దరువు గంతులేస్తోంది. ఇక చివర్లో, లోకాన్ని ఏడిపించిన ఆ ఎక్కిళ్ల దగ్గర, ఆ పిల్ల ఆపుకోలేక కిలకిలా నవ్వింది.

ముల్లాయన గబుక్కున ముల్లు ఎత్తేశాడు. అక్కడే నేల మీద కూలబడ్డాడు. గోడవారన పేర్చి ఉన్న అట్టల మీద నుంచి ఆయన ఫొటోలే ఆయన్ని చూస్తున్నాయి. కళ్లు అరమోడ్చి, చెవి కాస్త ముందుకి వంచి, ఎంతో గంభీరంగా ఉన్న ఫొటో. ఆడపిల్ల నవ్వుకీ ముసలాడి ఏడుపుకీ తేడా తెలియని చెవి అది. ఈ సంగతి బయటపడితే ఇంక ఆయన మాట ఎవరు వింటారు? ఇన్నేళ్లుగా బాగుందని చెప్పినవన్నీ బాగున్నవేనా అని అడుగుతారు. అడిగితే తన దగ్గర జవాబు లేదని ఆయనకి మొదటిసారి తెలిసింది.

డప్పుకి కబురు పెట్టాడు. అతను వచ్చి, సంగతి విని ముందు పగలబడి నవ్వాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. మొహం పాలిపోయింది. అచ్చు వేసిన రికార్డులు, హాలు, రేడియోవాళ్లు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగినట్టున్నాయి.

"బావా, ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి," అన్నాడు. "అక్కక్కూడా చెప్పకు."

"ఆ నర్సమ్మ మళ్లీ ఫోన్ చేస్తుందిరా. పాడిందెవరని అడిగితే?"

"పోయాడని చెప్పు. పోయినవాణ్ణి తీసుకొచ్చి చూపించమని ఎవరూ అడగరు కదా."

మనిషికి భయం పుట్టిందంటే ముందు పోయేది బుద్ధి. సాయంత్రం ఫోను రానే వచ్చింది. డప్పు పక్కనే నిలబడి కానివ్వు అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన పోయారమ్మా, కిందటేడు, అన్నాడు ముల్లాయన. ఆయన వయసెంత ఉంటుందని ఆమె అడిగింది. పెద్దాయనే, డెబ్బై దాటే ఉంటాయి అన్నాడు. ఎక్కడివాడో చెప్పాడా అని అడిగింది. పడవల మీద తిరిగీ తిరిగీ ఇటొచ్చాడట, వెనకా ముందూ ఎవరూ లేరట, అన్నాడు. అట్ట మీద రాసిన అబద్ధమే నోటికి ఆసరా ఇచ్చింది. ఒక్కో మాటా అలవోకగా దొర్లుతుంటే ఆయనకే ఒళ్లు జలదరించింది.

అవతలి నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"అయితే మా మేనమామేనండీ," అంది నర్సు. "మా అమ్మ తమ్ముడు. కుర్రతనంలో పడవెక్కి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆ పాట అమ్మకీ ఆయనకీ తప్ప ఎవరికీ రాదు. రేడియోలో వినగానే అమ్మ, ఇది మావాడి గొంతే అంది. నేనే నమ్మలేదు. అందుకే పొద్దున మీకు చెప్పలేదు."

అక్కగొంతుని కిందికి దింపితే తమ్ముడి గొంతులా ఉండక ఇంకెలా ఉంటుంది? ఫోను ఎలా పెట్టేశాడో ముల్లాయనకి గుర్తులేదు. లేని మనిషిని పుట్టించాడు, చంపాడు, ఇప్పుడా శవానికి ఒక అక్క దొరికింది. ఇదంతా ఒక్క రోజులో జరిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటులాగా మర్నాడు డప్పు ఎగురుకుంటూ వచ్చాడు. నర్సుతో తనే మాట్లాడాడట. పెద్దావిడ ఆదివారం సభకి వస్తానందట. తమ్ముడి గొంతు పూర్తిగా వినాలట. ముందు వరసలో కుర్చీ వేయిస్తున్నానని, పడవవాడి అక్క వస్తోందని రేడియోలో చెప్పించానని చెప్పాడు.

"నీకు మతి పోయిందా?" అన్నాడు ముల్లాయన.

"ఏంటి బావా, ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉందా? సొంత అక్కే ఇది మావాడి గొంతంటే ఇంక కాదనేవాడెవడు? దేవుడే పంపాడు."

ఆ తర్వాత రోజులన్నీ ముల్లాయన తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. ఫోను మోగితే బాత్రూమ్‌లోకి దూరి కుళాయి తిప్పేవాడు. ఆ చిన్న రికార్డుని గుడ్డలో చుట్టి, బీరువాలో బట్టల అడుగున దాచాడు. కాసేపటికి అక్కడ భద్రం కాదనిపించి పరుపు కిందికి మార్చాడు. దాన్ని విరిచేస్తే పీడా పోతుందని ఒకసారి రెండు చేతుల్తో పట్టుకున్నాడు కూడా. బొటనవేళ్లు మధ్యలో ఆనించి కాస్త నొక్కాడు. ఆ నొక్కడంలో రికార్డు వంగుతుంటే లోపల ఆ పిల్ల పాడుతున్నట్టే అనిపించి భయమేసి వదిలేశాడు.

వీధిలో ఎవరైనా ఆపి, మీ పాట విని మా ఇంటిల్లిపాదీ ఏడ్చామండీ అంటే, వాళ్లకి అంతా తెలిసిపోయి ఎగతాళి చేస్తున్నారేమో అనిపించేది. ఒకాయన చేతులు పట్టుకుని, మా అబ్బాయి పోయినప్పట్నుంచీ నేను ఏడవలేదండీ, మీ పడవవాడు ఏడిపించాడు అన్నాడు. ముల్లాయన ఆ చేతులు విడిపించుకుని గబగబా సందు తిరిగి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

భార్య ఊరుకుంటుందా? జేబులో ముళ్ల డబ్బా లేదేమని అడిగింది. గ్రామఫోను మీద దుమ్ము పడుతోంది, ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టి చూసింది. తప్పుల్ని ఏరి పారెయ్యడమే ఆవిడ పని, అచ్చులో ఒక్క చుక్క తప్పిపోయినా ఆవిడ కంటికి ఆనుతుంది. ఆ కళ్లు తన మొహం మీద నిలిచేసరికి ముల్లాయన చెప్పేద్దామనుకున్నాడు. చెప్తే ఏమవుతుంది, తిడుతుంది, అంతేగా. కానీ వేడి చేసిందేమో అన్నాడు. ఆవిడ మజ్జిగ కలిపి ఇచ్చి, ఆయన తాగేదాకా ఎదురుగా కూర్చుంది. మింగలేక కక్కలేక ఆ గ్లాసు ఖాళీ చెయ్యడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

ఆదివారం రానే వచ్చింది. హాలు కిక్కిరిసిపోయింది. వేదిక మీద గ్రామఫోను, దాని మీద డప్పు పట్టుబట్టి తెప్పించిన ఆ చిన్న రికార్డు, ముందు మైకు. జనం అప్పటికే రుమాళ్లు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ముల్లాయన పక్క గదిలో కుర్చీకి అంటుకుపోయాడు. వెనక తలుపు ఎక్కడుందో రెండుసార్లు చూసుకున్నాడు. అటునుంచి వీధిలోకి దిగి, ఎక్కడికో అక్కడికి పోయే బస్సెక్కెయ్యొచ్చు. లేవబోతుండగా డప్పు నర్సునీ, పెద్దావిడనీ లోపలికి తీసుకొచ్చాడు.

పెద్దావిడ బక్కపల్చటి మనిషి. కూతురి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చి, ముల్లాయన ఎదురుగా నిలబడి మొహంలోకి చూసింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. కబురు తెలిసినప్పట్నుంచీ అమ్మ నిద్రపోవడం లేదని నర్సు చెప్పింది. ముసలావిడ ముల్లాయన చెయ్యి తీసుకుని తన రెండు చేతుల్లో పెట్టుకుంది. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి, ఆయనది మంచుగడ్డలా ఉంది.

"నువ్వు మావాణ్ణి చూశావా బాబూ?" అంది. "పోయేటప్పుడు బాధపడ్డాడా? పక్కన ఎవరైనా ఉన్నారా?"

హాయిగా పోయాడమ్మా, నిద్రలోనే. ఈ మాటలు ముల్లాయన నాలుక చివరిదాకా వచ్చాయి. చాలా తేలికైన మాటలు. ఆవిడకి ఊరట, తనకి ఊరట. డప్పు వెనక నుంచి తల ఊపుతున్నాడు, చెప్పు చెప్పు అన్నట్టు.

"ఆ పాట వాడికి నేర్పింది నేనే," అంది ముసలావిడ. "నవ్వుకునే పాట అది. ఏడుస్తూ పాడాడంటే నన్ను తలుచుకునే ఏడ్చుంటాడు. ఒక్కసారి ఇంటికి రావడానికి వాడికి ఏమడ్డొచ్చింది బాబూ?"

ముల్లాయన చెయ్యి లాక్కున్నాడు. ఆయన జన్మలో అంత భయం ఎరగడు. ఇన్ని రోజులూ భయపడింది జనం నవ్వుతారని. ఆవిడ అడిగిన ప్రశ్నకి తనే జవాబు కల్పించబోతున్నాడని తెలిశాక ఆ పాత భయం దీని ముందు ఏపాటిది? లేచి, డప్పుని తప్పించుకుని, తిన్నగా వేదిక ఎక్కాడు. చప్పట్లు మోగాయి. పెద్దావిడని ముందు వరసలో కూర్చోబెట్టేదాకా ఆగాడు.

మైకులో ఆయన గొంతు ఎవరిదోలా వినిపించింది. ఈ పాట ముసలాయనది కాదని చెప్పాడు. అసలు ముసలాయనే లేడని చెప్పాడు. ఒక అమ్మాయి పాడిన పాటని తప్పు వేగంలో తిప్పి, తను మోసపోయి, మీ అందర్నీ మోసం చేశానన్నాడు. డప్పు మైకు తీగ లాగడానికి వేదిక పక్కకి పరిగెత్తాడు గానీ, అప్పటికే ముల్లాయన మీటని నలభై అయిదుకి తోసి ముల్లు వదిలేశాడు.

పిల్ల గొంతు హాలంతా పరుచుకుంది. మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. రుమాళ్లు గాల్లోనే ఆగిపోయాయి. చివర్లో ఆ కిలకిల వినపడగానే వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. అది అంటుకుంది. వరస తర్వాత వరస నవ్వు లేచింది. ఎక్కడో టిక్కెట్లు వాపసివ్వమని అరుపు. చెవులేమైనా తాకట్టు పెట్టావా అని ఇంకొకడు. ఆ నవ్వుల మధ్య, వీధిలో తన చేతులు పట్టుకున్న ఆ కొడుకు పోయిన తండ్రి లేచి తల దించుకుని బయటికి వెళ్లిపోవడం ముల్లాయన చూశాడు. ఇంక తను వినమంటే వినేవాడు లేడు. ఆ పరపతి అక్కడే, ఆ క్షణమే, కళ్లెదుటే పోయింది. నిలబడి చూస్తూ ఉండడం తప్ప ఆయన చేసేదేమీ లేదు.

పెద్దావిడ లేచింది. కూతురు పట్టుకోబోతే చెయ్యి వదిలించుకుని వేదిక మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. ముల్లాయన వెనక్కి ఒక అడుగు వేశాడు. కొడుతుందనుకున్నాడు. కొట్టాలి కూడా. ఆవిడ తమ్ముడి గొంతుని చేతిలో పెట్టినట్టే పెట్టి లాగేసుకున్నవాణ్ణి కొట్టక ముద్దు పెట్టుకుంటుందా? కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే ఆవిడ మైకు పక్కనే నిలబడి తిరుగుతున్న రికార్డుని చూస్తోంది.

"ఆ నవ్వు నాదే," అంది. "ఎదురుగా నిలబడి మావాడు మూతి వంకర పెట్టాడు. ఆపుకోలేకపోయాను. మిషను ఆయన కోప్పడ్డాడు కూడా."

ముల్లాయన చేతులు జోడించాడు.

"మరి కిందటేడు పోయింది ఎవరు?"

"ఎవరూ లేరమ్మా. నేనే కల్పించాను. భయపడి చెప్పాను."

"ఎవరూ పోలేదా?"

"పోలేదమ్మా."

ఆవిడ ఆ మాటని కాసేపు మనసులో తిప్పుకుంది. పెదవులు కదిలాయి. వాచిన కళ్లు మెల్లగా పెద్దవయ్యాయి.

"అయితే మా తమ్ముడు పోలేదన్నమాట," అంది.

మైకు దగ్గరే ఉండడంతో ఆ మాట హాలు చివరిదాకా వినిపించింది. నవ్వుతున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అవునంటే మరో అబద్ధం, కాదంటే మరో చావు. ఇన్నేళ్లలో ఎవరేది అడిగినా తడుముకోకుండా తీర్పు చెప్పిన మనిషి.

"నాకు తెలీదమ్మా," అన్నాడు.

"తెలీదంటే చాలు బాబూ. ఇన్నేళ్లూ నాకూ తెలీదు. తెలీకుండానే ఎదురుచూశాను."

ఆవిడ గబుక్కున వెనక్కి తిరిగింది. ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టు దగ్గరా ఆగిన మనిషి, దిగేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కింద నిలబడ్డ కూతురి దగ్గరికి వెళ్లి కొంగు పట్టి లాగింది.

"పదవే, తొందరగా పద," అంది. "ఇంటికి తాళం వేసొచ్చాం."